ముడి కింద వేలు

"ఆగండి! కుంచెలు పక్కన పెట్టండి!"

సుభాషిణి కేకకు గుంటలో ఉన్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. మేస్త్రీ సాబిర్ చేతిలోని కుంచె గాలిలోనే నిలిచింది. అతని మోకాళ్ళ ముందు, ఇసకలోంచి ఖర్జూరపాకు బుట్ట అంచు తొంగి చూస్తోంది.

చిన్న బుట్ట. సంతకు తీసుకెళ్ళే కూరల బుట్టంత. అంత చిన్న బుట్టను శ్మశానంలో ఎందుకు పాతిపెడతారో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

"పసిగుడ్డు, యా దుక్తూరా," అన్నాడు సాబిర్, డాక్టరమ్మా అని అరబ్బీలో పిలుస్తూ. తలపాగా సర్దుకుని, పెదాలు కదిలీ కదలనట్టుగా ప్రార్థన చదివాడు. పోయి మూడువేల ఏళ్ళు దాటిన బిడ్డయినా సరే, ముందు ప్రార్థన, తర్వాతే పని. అది అతని పద్ధతి.

సుభాషిణి గుంటలోకి దిగింది. బుట్ట మూత ఏనాడో కుంగిపోయింది. లోపల మట్టిరంగు నారగుడ్డ మూట. గుడ్డ చివరలు రెండూ రొమ్ము మీదికి తెచ్చి కట్టిన ముడి. తెగలేదు, చెదలు పట్టలేదు. కట్టినవాళ్ళు ఇప్పుడే చేతులు దులుపుకుని వెళ్ళిపోయినట్టుంది.

ఆమె ఏళ్ళ తరబడి వెతుకుతున్నది ఆ ముడి కోసమే.

"బావా! నాడిని సిద్ధం చెయ్యి!"

గట్టు మీద నిలబడ్డ ఆమె భర్త గోవర్ధన్ వెంటనే కదల్లేదు. బుట్టకేసి ఒక్క చూపు చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఎండ దిగనీ. రేపు చూద్దాంలే," అన్నాడు.

"రేపు మాత్రం ఎండ ఉండదా? సిద్ధం చెయ్యి బావా!"

నైలు నది పడమటి గట్టున, పచ్చటి చేలు ఠక్కున ఆగిపోయి ఎడారి మొదలయ్యే చోట ఉంది ఆ శ్మశానం. రాజులది కాదు. రొట్టెలు కాల్చినవాళ్ళు, పడవ తాళ్ళు లాగినవాళ్ళు, నార వడికినవాళ్ళు అక్కడ పడుకున్నారు. బంగారం దొరకదు కాబట్టి దొంగలు పట్టించుకోలేదు. వాన పడదు కాబట్టి గుడ్డలు చివికిపోలేదు. హైదరాబాదులోని ఒక ప్రయోగశాల నుంచి ఆ మొగుడూ పెళ్ళాలు ఒక యంత్రం మోసుకుని అంత దూరం వచ్చింది ఆ గుడ్డల కోసమే.

యంత్రం పేరు నాడి. పేరు పెట్టింది సుభాషిణి. తయారుచేసింది గోవర్ధన్.

* * *

చీరాల పక్కన ఒక నేతపేటలో, మగ్గం చప్పుడుకి నిద్రలేచి, మగ్గం చప్పుడుకే నిద్రపోయిన పిల్ల సుభాషిణి. బడి నుంచి రాగానే ఆమెకు పడే పని గంజి పని. గంజిలో ముంచి తీసిన చిలపను, అంటే నూలుపోగుల కట్టను, రెండు ముంజేతుల మీద వేసుకుని, నేలకు తగలకుండా దండెం దాకా మోసుకెళ్ళాలి. పొడి చిలప పూచికపుల్లతో సమానం. తడి చిలప అట్లా కాదు. గోరువెచ్చగా, మెత్తగా, చేతుల్ని నమ్ముకున్నట్టు వాలిపోతుంది.

"జారవిడిచావో, వీపు పగులుద్ది," అనేది అమ్మ.

గంజి పెట్టిన చీరను ఎవరు మడతపెట్టారో మడత చూసి చెప్పేది అమ్మ. "ఇది మీ నాయన మడత. ఇది నీదేలే, తిక్క మడత." గంజికి చేతులు గుర్తుంటాయనీ, ఉతికితే మరిచిపోతుందనీ ఆమె సిద్ధాంతం.

ఆ సిద్ధాంతమే చాలా ఏళ్ళ తర్వాత ప్రయోగశాలకెక్కింది. పోగును లాగి, అదిమి, అలాగే ఎండనిస్తే ఆ బిగువు పోగులోనే ఇరుక్కుపోతుంది. చేయి ఎంత లాగిందో, బొటనవేలు ఎక్కడ నొక్కిందో, మీద ఎంత బరువు ఆనిందో, అంతా. నాడి ఆ పోగు మీద ఆవిరిని వెంట్రుకవాసి చొప్పున వదులుతుంది. బిగువు సడలేటప్పుడు పోగు చేసే చిన్న కదలికను పట్టి తొడుగులకు పంపుతుంది. తొడుగులు వేసుకున్నవాళ్ళ చేతుల్లో, ఎప్పుడో ఆగిపోయిన చేతులు మళ్ళీ కదులుతాయి.

ఒక్కసారే. సడలిన పోగు మళ్ళీ నోరు విప్పదు. పాతగుడ్డయితే చదివినంత మేరా పొడి అయిపోతుంది. అందుకే నాడికి రెండు జతల తొడుగులు. ఒకరు పొరబడితే రెండోవారు సాక్షి. ఆ ఇద్దరూ ఎప్పుడూ సుభాషిణి, గోవర్ధనే.

చేతులు కలిపి అంత పనిచేసే ఆ ఇద్దరి మధ్య, పని కాని మాట నడిచి ఆరేళ్ళయింది.

ఆరేళ్ళ కిందట ఆసుపత్రిలో ఆపరేషన్ మత్తు వదిలి సుభాషిణి కళ్ళు తెరిచేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల పుట్టింది. పూట బతికింది. పొద్దు గూకేలోపు మట్టిలో కలిసింది. తల్లి చూడలేదు, ఎత్తుకోలేదు. చంటిబిడ్డల్ని కాల్చరు కాబట్టి పిడికెడు బూడిదైనా లేదు. మిగిలింది అమ్మ పాతచీరలో సగం.

పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వెయ్యరు. కట్టి కట్టి మెత్తబడ్డ చీరే తొలిబట్ట. గోవర్ధన్ ఆ చీరను రెండు ముక్కలు చేశాడు. ఒక ముక్కలో, ఊపిరున్నంతసేపూ పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రెండో ముక్కలో చుట్టి పూడ్చిపెట్టాడు. ఇంతవరకే అతను చెప్పింది. ఎట్లా చుట్టావంటే "చుట్టాలే" అన్నాడు. ఎందుకు లేపలేదంటే అదీ లేదు.

మొదటి ముక్క, గాలి చొరని కవరులో, సుభాషిణి పెట్టె అడుగున ఉంది. తేమ తగులుతుందేమోనన్న భయంతో ఆమె ఆ కవరు ఒక్కసారి కూడా విప్పలేదు. ఆ గుడ్డలో పాప బరువుంది. తొడుగులేసుకుని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆ గుడ్డను చదివితే కన్నకూతుర్ని చేతుల్లోకి తీసుకున్నట్టే. ఈజిప్టు, పరిశోధన, పత్రికల్లో ఫొటోలు, ఇవన్నీ పైకి చెప్పుకునే మాటలు. నాడి పుట్టింది ఆ ఒక్క బరువు కోసం.

తొందరపడితే ఉన్నదీ పోతుంది. అందుకే ఇంతకాలం పీలికల మీద సాధన చేసింది. ముడితో సహా ఒక నిండు మూటను నాడి తప్పులేకుండా చదివితే చాలు. ఆ తర్వాత పాప.

* * *

"అరచెయ్యి మేర. ముడి ఉన్నంత వరకే," అంది మదీహా.

పురావస్తు శాఖ ఇన్‌స్పెక్టర్ ఆమె. ఆమె సరేనంటేగాని అక్కడ ఇసకరేణువైనా కదలదు. తవ్వకాలవాళ్ళు ఉండే ఇంట్లో పొడవాటి బల్ల మీద బుట్ట పెట్టి, దానికి అటు ఆమె, ఇటు సుభాషిణి నిలబడ్డారు.

"అరచెయ్యి మేర చాలండీ."

"మీరు చదవడం అంటారు డాక్టర్. నేను బిడ్డ ఒంటి మీద గుడ్డ లాగెయ్యడం అంటాను. శాఖ అనుమతిచ్చింది కాబట్టి ఊరుకుంటున్నాను." మదీహా కళ్ళద్దాలు పైకి నెట్టుకుంది. "అయ్యాక మళ్ళీ చుట్టించే బాధ్యత కూడా మీదే. తెలుసుగా? గంజి ఉండకూడదు, రంగు దిగకూడదు. ఎన్నోసార్లు ఉతికిన నూలుగుడ్డ కావాలి. మొన్న మీరు చూపించిన గుడ్డ కొత్తది. పనికిరాదు."

"చూస్తాంలెండి."

"పాపం, పేదవాళ్ళు. చూడండి, ఎంత నలిగిన గుడ్డో. అతుకులు కూడా ఉన్నాయి. ఇంట్లో ఏది ఉంటే అది చుట్టేశారు."

"పేదరికం కాదండీ." సుభాషిణి గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పాతబట్ట మెత్తగా ఉంటుంది. గుచ్చుకోదు. మా వైపు తెలిసే పాతది వేస్తారు."

మదీహా ఆమె మొహంలోకి చూసి, కిటికీ తెర దించింది.

గోవర్ధన్ యంత్రం గొట్టాలు బిగిస్తున్నాడు. మర ఒకటి వేళ్ళలోంచి జారి బల్ల కింద పడింది. వంగి తీశాడు. మళ్ళీ జారింది.

"చేతులు వణుకుతున్నయ్యేంది?" అంది సుభాషిణి.

"ఎండలో నిలబడ్డాగా."

"తేమ చూసుకో. ఒక్క బొట్టు ఎక్కువైనా మొత్తం పోద్ది. నీళ్ళు తగిలితే గుడ్డ అన్నీ మర్చిపోద్దని నీకు ఎన్నిసార్లు..."

"తెలుసు," అన్నాడు గోవర్ధన్ బల్ల కిందనుంచే. "నాకు తెలుసు."

ఇద్దరూ తొడుగులు వేసుకున్నారు. నాడి సన్నగా ఈల వేసింది.

మొదట ఏమీ లేదు. తర్వాత సుభాషిణి అరచేతుల్లోకి ఒక చేయి వచ్చింది.

పెద్ద చేయి. తాడు ఒరిసి ఒరిసి గట్టిపడిన అరచేయి. పడవలు లాగినవాడు కాబోలు. గుడ్డ చివరలు రెండూ పట్టుకుని లాగి ముడి వేసింది. మోటు ముడి, బరువుల మూటకు వేసేది. ఆగింది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత ఆ ముడిని తనే విప్పింది.

మళ్ళీ వేసింది, ఈసారి వదులుగా. మళ్ళీ విప్పింది.

కట్టాల్సిన చేతులే. కట్టలేని చేతులు.

ఇంతవరకు చదివిన పీలికలన్నిట్లోనూ పనివాళ్ళ చేతులే దొరికాయి. చకచకా చుట్టి అవతల పారేసే చేతులు. ఇట్లాంటిది ఇదే మొదలు. మూడోసారి గుడ్డ చివరలు దగ్గరికొచ్చాయి. అప్పుడు పక్కనుంచి ఇంకొకటి వచ్చింది.

వేలు. సన్నటిది. ఆ వేలు వచ్చి ముడికీ బిడ్డ రొమ్ముకూ మధ్య అడ్డంగా పడుకుంది. గుడ్డ మరీ బిగుసుకుపోకుండా, లోపల ఉన్నది ఊపిరి తీసుకోవాలన్నట్టు. మోటుచేయి ఆ వేలి మీదుగానే ముడి వేసింది. వేలు వెంటనే వెళ్ళలేదు. తర్వాత కొద్దికొద్దిగా, తనకు ఇష్టం లేనట్టు, బయటికి జారింది.

"చాలు!"

గోవర్ధన్ తొడుగులు ఊడబెరికాడు. అతని మోచేయి తగిలి కుర్చీ వెనక్కి పడింది. తలుపు తోసుకుని ఎండలోకి వెళ్ళిపోయాడు.

నాడి ఈల ఆగింది. బిడ్డ రొమ్ము మీద ముడి ఉన్నచోట ఇప్పుడు పిడికెడు పొడి. దానికిందున్న లోపలి పొర అరచేయంత మేర బయటపడింది.

"ఏమైంది? యంత్రం చెడిపోయిందా?" అంది మదీహా కంగారుగా.

"లేదండీ. బ్రహ్మాండంగా పనిచేసింది." సుభాషిణి కళ్ళల్లోంచి నీళ్ళు కారి తొడుగుల మీద పడుతున్నాయి. ఆమెకు ఆ సంగతే తెలియలేదు. "కట్టింది తండ్రి. తల్లి వేలు అడ్డం పెట్టింది."

తల్లి అని నాడి చెప్పలేదు. నాడికి చేతులే తెలుసు, వరసలు తెలియవు. చెప్పింది సుభాషిణి.

* * *

గోవర్ధన్ ప్రహరీగోడ నీడలో నేల మీద కూర్చుని ఉన్నాడు. సుభాషిణి విసురుగా వచ్చింది.

"సగంలో లేచి వచ్చేస్తావేంది? సాక్షివి నువ్వు! ఏం తెలిసిందో చెప్పు ముందు."

"నీకు తెలిసిందే."

"వేలు తెలిసిందా?"

"తెలిసింది."

"అయితే పనిచేసినట్టే బావా! ఇద్దరికీ ఒకటే తెలిసింది. ఇంకేం పరీక్ష అక్కర్లా." ఆమె ఇంటివైపు తిరిగింది. "ఇవాళే చదువుదాం. పాపని. కవరు తెస్తా, నువ్వు గొట్టాలు ఆరబెట్టు."

"వద్దు."

"ఎందుకొద్దు?"

సుభాషిణి ఆరేళ్ళుగా మింగుతున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"వాళ్ళెవరో తాళ్ళు లాక్కునేవాళ్ళు బావా! చదువూ సంధ్యా లేనోళ్ళు. ఆమెని రానిచ్చారు. ముడి కింద వేలు పెట్టనిచ్చారు. నన్నెందుకు రానియ్యలా? ఒక్క పూట ఆగలేకపోయావా? తల్లి చూడకూడదు, పొద్దు గూకేలోపే పూడ్చాలి అని ఇంట్లో ముసలాళ్ళు అంటే నీ నోరు ఏమైంది? నువ్వు నన్ను లేపనైనా లేపలేదు!"

"లేపా." మాట వినపడీ వినపడనట్టు వచ్చింది. "చెంపల మీద కొట్టి మరీ లేపా. కళ్ళు తెరిచి నన్ను చూసి, నవ్వి, మళ్ళీ పడుకున్నావు. నవ్వినదానికి ఎట్టా చెప్పమంటావే?"

సుభాషిణి తన చెంప తడుముకుంది.

"ఆ గుడ్డ చదవబాక సుభా. అందులో ఏమీ లేదు."

"ఏమీ లేకపోవడమేంది? పొద్దుట్నుంచీ ఒళ్ళో పెట్టుకున్నావుగా దాంట్లో?"

"పెట్టుకున్నా. పూడ్చిపెట్టి వచ్చాక మా అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. మైల గుడ్డ లోపలికి తేబాక, తడిపి రా అంది." గోవర్ధన్ తన అరచేతుల్లోకి చూసుకున్నాడు. "నూతికాడ కూచుని సబ్బు పెట్టి ఉతికా. జాడించా. ఈ చేతుల్తోనే పిండా. నీళ్ళు మొత్తం కారేదాకా పిండా. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యటం తప్ప ఆపూట ఇంకేం తోచలా."

పొలాల వైపునుంచి గాడిద ఒకటి ఓండ్ర పెట్టింది. సాబిర్ మనుషులు ఎక్కడో నవ్వుకుంటున్నారు.

"ఆరేళ్ళు," అంది సుభాషిణి. "ఆరేళ్ళు నాతోపాటు మరలు బిగించావు. ఏమీ లేని గుడ్డ కోసం!"

"ఎన్ని నెలలు మంచంలో గోడకి తిరిగి పడుకున్నావో గుర్తుందా? గంజి తాగమన్నా తాగేదానివి కాదు. ఒకరోజు లేచి కూచుని, బావా, పోగుకి గుర్తుంటదా అని అడిగావు. కాయితం, పెన్సిలు అడిగావు. నీళ్ళు తగలకపోతే చాలు, అంతా ఉంటదన్నావు." అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అప్పుడు చెప్పాలి. చెప్తే మళ్ళీ గోడకి తిరుగుతావు. చేద్దాంలే అన్నా. ఇది ఎప్పటికీ పూర్తికాదులే అనుకున్నా. నువ్వు పూర్తిచేసేశావు."

సుభాషిణి ఇంట్లోకి వెళ్ళింది. పెట్టె తెరిచింది. కవరు తీసి, ఇన్నాళ్ళు ముట్టుకోని దాన్ని, ఒక్క లాగుతో చింపింది.

సబ్బు వాసన.

ఇంకేమీ లేదు. గుడ్డను మొహానికి అదుముకుని, పైనుంచి కిందిదాకా వెతికింది. చిన్నప్పటినుంచీ బట్టలతో బతికిన మనిషి. ఉతికిన గుడ్డను ముట్టుకుంటే చాలు తెలిసిపోతుంది. ఆ సంగతి ఎప్పుడో తెలిసే ఇన్నాళ్ళూ కవరు విప్పలేదేమో. తేమ పేరు చెప్పి తనను తను మభ్యపెట్టుకుందేమో. నాడి అక్కర్లేకుండానే ఆ గుడ్డ ఆమెకు ఒకటే మాట చెప్పింది. పిండేశారు.

ఏడవాలనుకుంది. ఏడుపు రాలేదు. చేతులు మాత్రం ఖాళీగా, ఏదో అందుకోబోయి ఆగిపోయినట్టు, గాల్లో ఉండిపోయాయి.

* * *

పొద్దు వాలకముందే మదీహా కబురు పంపింది. బిడ్డను అట్లా వదిలెయ్యడానికి వీల్లేదు, గుడ్డ సంగతి ఏం చేశారని.

సుభాషిణి వచ్చింది. చంకలో మడత ఉంది. వెనకాల గోవర్ధన్, తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఇది పనికొస్తుందేమో చూడండి," అంది సుభాషిణి.

మదీహా తడి దూదితో గుడ్డను గట్టిగా రుద్దింది. దూది తెల్లగానే ఉంది. అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. "గంజి లేదు. రంగు దిగడం లేదు. భలే ఉతికారే. ఎక్కడిదిది?"

"మా అమ్మ చీర. మా అమ్మాయి తొలిబట్ట."

మదీహాకు పిల్లలున్నారో లేదో ఎవరూ అడగలేదు. ఆమె ఆ గుడ్డను రెండు చేతులతో వెనక్కి చాపింది. "ఇది మీరు ఉంచుకోవాలి డాక్టర్."

"ఉంచుకున్నానండీ. చాలా ఏళ్ళు ఉంచుకున్నాను. ఇది ఒక బిడ్డను చుట్టడానికి చింపిన గుడ్డ. పెట్టెలో దీనికి పనిలేదు."

గుడ్డను బల్ల మీద పరిచారు. సుభాషిణి రెండు చేతులూ కిందకు పోనిచ్చి, మూటను బుట్టలోంచి ఎత్తింది. బరువే లేదు. ఎండుటాకుల దొప్పను ఎత్తినట్టుంది. ఎడారి ఇన్నివేల ఏళ్ళు పీల్చేసింది.

"ఏమీ లేదు బావా," అంది. "ఎత్తుకున్నట్టే లేదు."

గోవర్ధన్ తలుపు దగ్గరనుంచి కదిలి వచ్చాడు. ఆమె పక్కన నిలబడ్డాడు.

"మన పాప ఇట్టా లేదు," అన్నాడు. చెప్పడానికి వెతుక్కుంటున్నాడు. "చిన్నప్పుడు మీ ఇంట్లో గంజి చిలపలు మోసేదానివి, గుర్తుందా? ముంచి తీసినాక, దండెం మీద వెయ్యకముందు?"

"ఆ."

"అంత ఉంది. వెచ్చగా, అట్టాగే రెండు చేతుల మీదా వాలిపోయింది. జారిపోద్దేమోనని నేను మోచేతులు దగ్గరికి పెట్టుకున్నా."

సుభాషిణి కళ్ళు మూసుకుంది.

ఏ తొడుగూ లేదు. ఏ ఈలా మోగలేదు. మగ్గం చప్పుడు, గంజి వాసన, దండెం దాకా నేలకు తగలకుండా మోసుకెళ్ళాల్సిన దూరం. ముంజేతుల మీదికి ఆ గోరువెచ్చటి బరువు తనంతట తను వచ్చి వాలింది. ఆ బరువు ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. ఎవరిదో మాత్రం ఇన్నాళ్ళూ తెలియలేదు. మోచేతులు వాటంతటవే దగ్గరికి జరిగాయి.

అప్పుడు వచ్చింది ఏడుపు. మూటను గుడ్డ మీద పడుకోబెట్టేదాకా ఆపుకుంది. ఆ తర్వాత ఆపుకోలేదు.

మదీహా చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచి తలుపు దగ్గరికి వేసింది.

"ఎట్టా చుట్టావో చూపించు," అంది సుభాషిణి, ఏడుపులోంచే.

గోవర్ధన్ చూపించాడు. ముందు కాళ్ళ వైపు మడిచాడు. తర్వాత ఎడమపక్క. తర్వాత కుడిపక్క. పసిపిల్లను ఎన్నడూ చుట్టని మగవాడి మడతలు, మోటుగా, ఎక్కువ తక్కువగా. చివరలు రెండూ రొమ్ము మీదికి తెచ్చాడు. ముడి వేశాడు.

ఆగాడు. చాలాసేపు ముడి మీదే చూపు. విప్పాడు.

మళ్ళీ వేశాడు. మళ్ళీ విప్పాడు.

"గట్టిగా కట్టమన్నారు ముసలాళ్ళు," అన్నాడు. "ఆరోజు పక్కన పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు."

సుభాషిణి చేయి చాపింది. చూపుడువేలు గుడ్డకూ బిడ్డకూ మధ్య అడ్డంగా పెట్టింది.

"ఇప్పుడు కట్టు బావా."